పాత బొమ్మల వేటకి ఎక్కడికెళ్లాలి: నకనో బ్రాడ్‌వేనా, అకిహబారానా, ఇకెబుకురోనా?

అనిమే (జపాన్ కార్టూన్ సినిమాలు, సీరియళ్లు), మాంగా (అక్కడి బొమ్మల కథల పుస్తకాలు) అంటే ఇష్టపడే మనవాళ్లు జపాన్ టికెట్ కొనగానే రాసుకునే మొదటి పేరు అకిహబారా. చూడాల్సిన చోటే, కాదనను. కానీ మీరు వెతుకుతున్నది ఈ ఏడాది వచ్చిన ఫిగర్ (అనిమే పాత్ర బొమ్మ) కాకుండా 1960ల నాటి వినైల్ రాక్షసుడో, రేకు రోబోనో, చేత్తో రంగులద్దిన అనిమే సెల్లో (సినిమా కోసం పాత్ర గీసిన పారదర్శక పలక) అయితే నా సలహా ముందే చెప్పేస్తాను. రోజులో ఎక్కువ టైమ్ నకనో బ్రాడ్‌వేకి ఉంచుకోండి, మిగిలిన టైమ్‌లో అకిహబారా చూడండి. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. అకిహబారాలో రోజంతా తిరిగి, కాళ్లు పీకుతుండగా సాయంత్రం ఆరింటికి నకనో చేరతారు. ఎనిమిదింటికల్లా షట్టర్లు దిగిపోతాయి. అన్ని అంతస్తుల బజారు రెండు గంటల్లో ఎక్కడ అవుతుంది?

టోక్యోలో ఈ షాపింగ్‌కి పేరున్న చోట్లు మూడు: నకనో, అకిహబారా, ఇకెబుకురో. ఒసాకాలో డెన్‌డెన్ టౌన్ ఉంది. వీడియోల్లో చూస్తే నాలుగూ ఒకేలా అనిపిస్తాయి: అద్దాల బీరువాలు, వరసగా బొమ్మలు, పైన జపనీస్ బోర్డులు. లోపలికెళ్తే సరుకు వేరు, అమ్మే పద్ధతి వేరు, వచ్చే జనం వేరు. మీకేం కావాలో తేల్చుకోకుండా వెళ్తే డబ్బు కంటే ముందు టైమ్ పోతుంది.

బ్రాడ్‌వే సంగతి

షింజుకులో చువో లైన్ ర్యాపిడ్ రైలెక్కితే తర్వాతి స్టాపే నకనో. ఐదు నిమిషాల ప్రయాణం. టోజాయ్ మెట్రో లైన్ కూడా ఇక్కడికే వస్తుంది. కాబట్టి నిషి-కసాయ్ చుట్టుపక్కల ఉంటున్న తెలుగు కుటుంబాలు, వాళ్లింటికి చుట్టాలుగా వచ్చినవాళ్లు ఎక్కడా రైలు మారకుండా దిగొచ్చు. స్టేషన్ ఉత్తరం వైపు బయటికొస్తే ఎదురుగా సన్ మాల్ కనిపిస్తుంది. పైన కప్పు వేసిన బజారు వీధి, రెండొందల మీటర్లకు కాస్త పైనే ఉంటుంది. మందుల షాపులు, చెప్పుల షాపులు, టీ కొట్లు, తినుబండారాలు. బొమ్మల జాడ ఉండదు కాబట్టి దారి తప్పామేమో అనిపిస్తుంది. అలా నేరుగా నడిచిపోతే వీధి చివర బ్రాడ్‌వే బిల్డింగ్‌లోకే దారి తీస్తుంది. జూన్ వానల్లోనూ ఆగస్టు ఎండల్లోనూ ఈ కప్పు విలువ తెలుస్తుంది. అకిహబారాలో షాపు షాపుకీ రోడ్డెక్కాలి. ఇక్కడ ఒకసారి నీడలోకి వస్తే సాయంత్రం దాకా బయటికి రానక్కర్లేదు.

ఈ బిల్డింగ్ 1966లో తెరిచారు. బేస్‌మెంట్ నుంచి 4వ అంతస్తు దాకా దుకాణాలు, 5 నుంచి 10 దాకా ఇళ్లు. డాబా మీద తోట, ఈత కొలను కూడా పెట్టారు. అప్పట్లో అక్కడ ఉండటం గొప్ప. తర్వాత టోక్యో గవర్నర్ అయిన అయోషిమా యుకియో కూడా ఇక్కడ కాపురమున్నవాడే. ఆ వైభవం ఎక్కువ కాలం నిలవలేదు. కొనేవాళ్లు షింజుకు వైపు, కిచిజోజీ వైపు మళ్లారు. ఆ రోజుల్లో, 1980లో, ఫురుకావా మసుజో అనే మాంగా చిత్రకారుడు 2వ అంతస్తులో ఓ ఇరుకు గదిలో పాత మాంగా పుస్తకాల కొట్టు పెట్టాడు. పేరు మందరాకే. ఈ రోజు జపాన్‌లో పాత మాంగా, పాత బొమ్మల వ్యాపారంలో ముందుగా వినిపించే పేరు అదే.

బ్రాడ్‌వేని మిగతా చోట్ల నుంచి వేరు చేసే అసలు సంగతి గదుల సైజు. మాల్ యాజమాన్యం ఒకటుండి, పెద్ద బ్రాండ్లకి పెద్ద హాళ్లు కేటాయించే పద్ధతి ఇక్కడ లేదు. గదులన్నీ చిన్నవి, ఒక్కో గదికి ఒక్కో యజమాని. అందుకే మందరాకే కూడా ఒకే పెద్ద షోరూమ్‌గా పెరగలేదు. అంతస్తుల్లో అక్కడో గది ఇక్కడో గది తీసుకుంటూ, ఒక్కో గదిలో ఒక్కో రకం సరుకు పెట్టుకుంటూ పోయింది. ఒకచోట రైలు బొమ్మలు, చిన్న కార్లు. ఇంకోచోట గేమ్‌లు. మరోచోట అనిమే సెల్స్ మాత్రమే. దాని చుట్టూ వేరేవాళ్లు చేరారు: పాత చేతి గడియారాలవాళ్లు, నాణేలవాళ్లు, విగ్రహాల్లాంటి ఫిగర్లవాళ్లు, సొంతంగా అచ్చేసుకున్న పుస్తకాలమ్మే టాకో షే లాంటివాళ్లు. చిత్రకారుడు తకాషి మురకామి ఇక్కడ గ్యాలరీలు పెట్టాడు. మొత్తం సుమారు 300 దుకాణాలు. ఒక్కో గదిలో ఒక మనిషి అభిరుచి కనిపిస్తుంది. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల గుట్టలు ఓపిగ్గా తిరగేసే అలవాటు మీకుంటే నకనో మీకు మొదటి గంటలోనే నచ్చుతుంది.

తిరిగే క్రమం గురించి ఒక మాట. కింది నుంచి పైకి వెళ్లే పొడవాటి ఎస్కలేటర్ 1వ అంతస్తు నుంచి నేరుగా 3కి తీసుకెళ్తుంది. 2లో ఆగదు. ఈ సంగతి తెలియక 2వ అంతస్తు వదిలేసి వెళ్లిపోయేవాళ్లు చాలామంది. నేనైతే 3కి ఎక్కి, అక్కణ్నించి మెట్ల మీద 4కి వెళ్లి, పైనుంచి కిందికి దిగుతూ చూడమంటాను. 3వ అంతస్తులో మందరాకే ప్రధాన పుస్తకాల షాపు, గడియారాల షాపులు, రోబోట్ రోబోట్ లాంటి బొమ్మల కొట్లు. జనం ఎక్కువ. 2లో గేమ్‌లు, ఫిగర్లు, చిల్లర బొమ్మలు. బేస్‌మెంట్‌లో కూరగాయలు, చేపలు, రోజువారీ సరుకులు. డైలీ చికో అనే కొట్లో ఎనిమిది రుచులు ఒకదాని మీద ఒకటి పేర్చిన పొడవాటి సాఫ్ట్ ఐస్‌క్రీమ్ దొరికేదీ అక్కడే. పిల్లలు వెంట ఉంటే ముందే మాట ఇచ్చి ఉంచండి, పైన ఓపిక పడతారు. శాకాహారులు మాత్రం అక్కడి ఊడాన్ నూడుల్స్ జోలికి పోకండి. పులుసు చేపతో కాస్తారు.

4వ అంతస్తు దగ్గర కాసేపు ఆగుదాం. అక్కడ కొన్ని షట్టర్లు మూసే ఉంటాయి, వెలుతురు తక్కువ, మనుషులు తక్కువ. వచ్చినవాళ్లు ఇక్కడేం లేదనుకుని వెనక్కి తిరిగేది కూడా ఇక్కడే. గుళ్ల ముందుండే ఎర్ర తోరణాలు వరసగా నిలబెట్టిన ఓ గుమ్మం కనిపిస్తే అది హెన్యా, మందరాకేవాళ్ల పాత బొమ్మల గది. లోపల రేకు బొమ్మలు, ప్రకటనల కోసం చేసిన బొమ్మలు, రాక్షసులు, రోబోలు గాజు వెనక ఉంటాయి. కొనకపోయినా చూడాల్సిన గది. అదే అంతస్తులో అనిమే సెల్స్ షాపు. పారదర్శకమైన పలక మీద ముందువైపు గీతలు, వెనకవైపు చేత్తో అద్దిన రంగులు. 1990ల చివర కంప్యూటర్ రంగులు వచ్చాక స్టూడియోలు ఒక్కొక్కటిగా సెల్స్ మానేశాయి. అందరికంటే ఆఖరున, 2013లో, సజాయే-సాన్ సీరియల్ కూడా మానేసింది. కాబట్టి ఈ సరుకు ఇక కొత్తగా పుట్టదు. మీకిష్టమైన పాత సిరీస్ సెల్ ఒకటి, ముఖం స్పష్టంగా ఉన్నది, మీ బడ్జెట్‌లో కనిపిస్తే దాని గురించి ఆలోచించుకోవడానికి హోటల్‌కి వెళ్లొద్దు. పక్కమీద పడుకున్న పాత్రో, వెనక్కి తిరిగిన పాత్రో ఉన్న సెల్స్ చవగ్గా వస్తాయి, అవీ అసలువే.

అకిహబారా ఎక్కడ గెలుస్తుంది

యుద్ధం తర్వాత రేడియో విడిభాగాల బజారుగా పుట్టిన ఊరు అది. ఆ తర్వాత ఇంటి సామాన్ల కరెంటు వస్తువులు, కంప్యూటర్లు, చివరికి 1990ల చివర నుంచి అనిమే. ఆ పొరలన్నీ ఇప్పటికీ కనిపిస్తాయి. రైలు పట్టాల కింద అగ్గిపెట్టంత కొట్లలో స్విచ్చులు, వైర్లు అమ్ముతుంటారు. రోడ్డు దాటితే పదంతస్తుల రేడియో కైకాన్. 1962లో కట్టిన పాత బిల్డింగ్ తీసేసి 2014లో కొత్తది తెరిచారు. కైయోడో, వోక్స్, ఎల్లో సబ్‌మెరైన్, కె-బుక్స్ లాంటి షాపులన్నీ అందులోనే. ఎనిమిది అంతస్తుల నల్లటి మందరాకే కాంప్లెక్స్ 2008 నుంచి ఉంది.

ఈ నాలుగింటికి అకిహబారా నకనో కంటే మేలు: కొత్త ఫిగర్లు, ట్రేడింగ్ కార్డులు, గన్‌ప్లా కిట్లు (గండమ్ రోబోల్ని ముక్కలు కలిపి చేసుకునేవి), పాత వీడియో గేమ్‌లు. కొత్త ఫిగర్ ఒకే రకం పది షాపుల్లో ఉంటుంది కాబట్టి ధరలు పోల్చుకోవచ్చు. గేమ్ సెంటర్లలో గెలిచినవాళ్లకిచ్చే ప్రైజ్ ఫిగర్లు పెట్టె విప్పకుండానే రెండు వేల యెన్‌ల అటూ ఇటూ దొరుకుతాయి. బంధువుల పిల్లలకి పట్టుకెళ్లడానికి వాటిని మించినవి లేవు. ఇప్పటి మారకంలో వంద యెన్‌లంటే మన అరవై రూపాయల అటూ ఇటూ అనుకుని లెక్కేసుకోండి.

గేమ్‌ల విషయం మనకి కాస్త దగ్గరిది. 1990ల్లో మన ఊళ్లలో టీవీకి తగిలించి ఆడిన వీడియో గేమ్‌లు చాలావరకు నింటెండో ఫామికామ్‌కి నకళ్లు. ఆ కాసెట్ల కింది పిన్నులు అరవై, అసలు ఫామికామ్‌వీ అరవయ్యే. 1983 జూలైలో 14,800 యెన్‌లకి వచ్చిన ఆ ఎరుపు తెలుపు మెషీన్ సూపర్ పొటాటో అనే పాత గేమ్‌ల షాపులో అరల నిండా కనిపిస్తే, అలా ఆడి పెరిగినవాళ్లకి కదలబుద్ధి కాదు. కొనేముందు మూడు విషయాలు చూసుకోండి. జపాన్ కరెంటు 100 వోల్టులు. ఆ అడాప్టర్‌ని మన 230 వోల్టుల ప్లగ్గులో పెడితే కాలిపోతుంది. పాత ఫామికామ్ యాంటెనా కేబుల్ ద్వారా మాత్రమే టీవీకి చిత్రం పంపుతుంది, మీ స్మార్ట్ టీవీ దాన్ని పట్టుకోకపోవచ్చు. ఆట మధ్యలో సేవ్ చేసుకునే కాసెట్లలో చిన్న బ్యాటరీ ఉంటుంది, ఇన్నేళ్లకి అది అయిపోయే ఉంటుంది. ఇంత తలనొప్పి వద్దనుకుంటే 1989 నాటి గేమ్‌బాయ్ తీసుకోండి. మామూలు బ్యాటరీలు వేస్తే చాలు, ఏ దేశం కాసెట్ అయినా ఆడుతుంది.

అకిహబారాలో ఇబ్బంది ఏమిటంటే జనం. పర్యాటకులు ఎక్కువగా వచ్చే మెయిన్ రోడ్డు మీద పాత గేమ్‌ల ధరలు బాగా పైనున్నాయి. ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంట నుంచి చువో-దోరి రోడ్డు మీద బండ్లు ఆపేసి నడిచేవాళ్లకి వదులుతారు. ఫొటోలకి బాగుంటుంది, కొనడానికి కష్టం. ఇంకోటి, పెద్దలకు మాత్రమే అన్న సరుకు అమ్మే అంతస్తులు చాలా షాపుల్లో ఉన్నాయి. పిల్లలతో వెళ్తే లిఫ్ట్ ఎక్కేముందు అంతస్తుల పట్టిక చూడండి.

అసలు, పునర్ముద్రణ, పెట్టె

చోటు ఎంచుకున్నాక మీ ముందుకొచ్చే అసలు ఎంపిక ఇది. ఒకే బొమ్మకి పక్కపక్కనే రెండు ధరలుంటాయి, ఒకదానికి ఇంకోదానికి ఇరవై రెట్లు తేడా. తేడా ఎక్కడుందో తెలిస్తే మోసపోయామన్న అనుమానం ఉండదు.

వినైల్ రాక్షసుల్ని తీసుకోండి. జపాన్‌లో వీటిని సోఫుబి అంటారు. బ్రాడ్‌వే తెరిచిన 1966లోనే రాక్షసులతో పోరాడే హీరో కథ అల్ట్రామాన్ టీవీలో మొదలైంది. ఆ రాక్షసుల్ని మారుసాన్ కంపెనీ మెత్తటి వినైల్‌తో చేసి అమ్మింది. మారుసాన్ మూతపడ్డాక ఆ అచ్చుల్ని బుల్‌మార్క్ వాడుకుంది, అదీ 1977లో మూతపడింది. ఆ తర్వాత ఎన్నోసార్లు ఎందరో అవే రూపాలు మళ్లీ పోశారు. అద్దం అవతల ఉన్నది ఏదో తెలియాలంటే షాపువాళ్లని తీసి చూపించమని అడిగి, అరికాలు చూడండి. కంపెనీ ముద్ర అక్కడే ఉంటుంది. తర్వాత మెడ దగ్గర, చంక దగ్గర అతుకులు చూడండి. అసలు పాతదైతే చేతులు తిప్పి తిప్పి ఆ అతుకు చుట్టూ పై రంగు అరిగి లోపలి వినైల్ రంగు బయటపడి ఉంటుంది. వీపు మీద పిల్లవాడి పేరు పెన్నుతో రాసి ఉన్నవి కూడా కనిపిస్తాయి. అలాంటివి తక్కువ ధరకి వస్తాయి. పెట్టుబడి కోసం కాక ప్రేమ కోసం కొనేవాళ్లకి నేను ధైర్యంగా సిఫారసు చేసేది వాటినే.

లోహపు రోబోల సంగతి వేరు. పోపీ కంపెనీ 1974లో మజింగర్ జడ్ అనే అనిమే రోబోతో చోగోకిన్ వరస మొదలుపెట్టింది. జింక్ మిశ్రమంతో పోసిన బొమ్మ, చేతిలోకి తీసుకుంటే బరువు తెలుస్తుంది. స్ప్రింగ్ నొక్కితే పిడికిళ్లు ఎగిరిపోతాయి. యాభై ఏళ్ల కిందట ఆడుకున్న పిల్లలు మంచం కింద పోగొట్టింది వాటినే. కాబట్టి కొనేటప్పుడు మొదట చూడాల్సింది రెండు పిడికిళ్లూ ఉన్నాయా, అవి ఈ బొమ్మవేనా అని. రంగు మిగతా ఒంటితో కలవకపోతే ఎక్కడిదో తెచ్చి తగిలించారని అర్థం. బొమ్మతో పాటు పెట్టె, లోపలి అట్ట, కాగితం అన్నీ ఉంటే ధర ఒక్కసారిగా పెరిగిపోతుంది. పెట్టెలో దాచి పైన పెట్టుకునే ఉద్దేశం లేకపోతే ఆ డబ్బు ఎందుకు పెట్టాలి? షెల్ఫ్ మీద కళ్లముందు ఉండాలనుకుంటే పెట్టె లేనిది తీసుకోండి. బొమ్మ అందంగా నిలబడాలి, కీళ్లు గట్టిగా ఉండాలి, కానీ పాతదే కానక్కర్లేదు అనుకుంటే 1997లో బందాయ్ మొదలుపెట్టిన సోల్ ఆఫ్ చోగోకిన్ వరస చూడండి. అవి అకిహబారాలోనే ఎక్కువ దొరుకుతాయి.

తక్కువ డబ్బుతో మొదలుపెట్టేవాళ్లకి టొమికా కార్లు మంచి దారి. 1970లో ఆరు కార్లతో మొదలైన వరస ఇది. కారు తిరగేసి అడుగున చదవండి: తయారీ జపాన్ అని ఉంటే పాతది, చైనా అనో వియత్నాం అనో ఉంటే తర్వాతది. నల్ల పెట్టెలో ఉన్న తొలినాటి కార్లు ఖరీదు. పెట్టె లేని, రంగు చిట్లిన కార్లు గంపల్లో కొన్ని వందల యెన్‌లకే ఉంటాయి. 1983 నుంచి వచ్చిన కిన్నికుమాన్ రబ్బరు బొమ్మలు, వెనక్కి లాగి వదిలితే పరుగెత్తే చోరో-క్యూ చిన్న కార్లు కూడా ఇదే ధరలో. ఇవి వెతకడానికి నకనో 2వ అంతస్తే సరైన చోటు. రేకు బొమ్మల అడుగున ఆక్యుపైడ్ జపాన్ అన్న ముద్ర కనిపిస్తే మాత్రం కాసేపు ఆగి చూడండి. యుద్ధం తర్వాత అమెరికన్ల ఏలుబడిలో, 1947 నుంచి 1952 మధ్య, విదేశాలకు పంపిన సరుకు మీద వేసిన ముద్ర అది.

బేరమాడటం ఎక్కడా పనికిరాదు, చీటీ మీదున్నదే ధర. ఆ చీటీయే చదవండి. రంగు ఎక్కడ పోయింది, ఏ ముక్క లేదు, పెట్టె ఎక్కడ నలిగింది అన్నీ అందులో రాసి ఉంటాయి, ఫోన్ కెమెరా అనువాదంతో అర్థమైపోతుంది. మందరాకేలో పనిచేసేవాళ్లకి సరుకు విలువ బాగా తెలుసు. లక్షల బొమ్మ వేలకి దొరుకుతుందన్న ఆశ పెట్టుకోకండి. చవక కావాలంటే అద్దె అరల షాపులు చూడండి. మామూలు మనుషులు ఒక్కో గాజు అర అద్దెకి తీసుకుని తమ బొమ్మలు తమ ధరకి పెట్టుకుంటారు. నచ్చితే అర నంబరు చెప్తే షాపువాళ్లు తాళం తీసి ఇస్తారు. ఇవి నకనోలోనూ అకిహబారాలోనూ ఉన్నాయి. ధరలో తేడాలు ఎక్కువ, ఓపికున్నవాళ్లకి లాభం.

ఇకెబుకురో, ఒసాకా

ఇకెబుకురోలో పాత బొమ్మలు వెతక్కండి. అక్కడి బలం పాత్రల మీద అభిమానం. ఫలానా సిరీస్‌లో ఫలానా కుర్రాడి బ్యాడ్జీ, కీచైను, పోస్టర్, అక్రిలిక్ బొమ్మ అన్నీ కావాలంటే ఒతోమె రోడ్ చుట్టుపక్కల కె-బుక్స్, మందరాకే శాఖలు, 2023 మార్చిలో పెంచి తెరిచిన అనిమేట్ ప్రధాన షాపు ఉన్నాయి. అభిమానుల్లో అమ్మాయిలు ఎక్కువగా వచ్చే చోటు ఇది. ఒంటరిగా తిరిగే అమ్మాయిలకి అకిహబారా కంటే ఇక్కడ హాయిగా ఉంటుందని నా అభిప్రాయం. చిన్నపిల్లలున్న కుటుంబాలకి కూడా నా ఓటు ఇకెబుకురోకే. సన్‌షైన్ సిటీ ఒక్కదాంట్లోనే పోకెమాన్ సెంటర్, అక్వేరియం, మూడు వేలకు పైగా మెషీన్లతో గషపోన్ (నాణేలు వేసి తిప్పితే డబ్బీలో చిన్న బొమ్మ పడేది) డిపార్ట్‌మెంట్ స్టోర్ అన్నీ ఉన్నాయి. నకనోలో దారులు ఇరుకు, చుట్టూ గాజు. నాలుగేళ్ల పిల్లవాణ్ని చేయి వదలకుండా పట్టుకుని తిరగడం ఇద్దరికీ శిక్ష. గషపోన్ మెషీన్‌కి వంద యెన్‌ల నాణేలు కావాలి, మూడొందల నుంచి ఐదొందల దాకా ఒక్క తిప్పుకి అవుతుంది. పిల్లలకి ఇన్ని తిప్పులే అని ముందే నాణేలు లెక్కపెట్టి చేతికివ్వండి.

ఒసాకా డెన్‌డెన్ టౌన్ నిప్పొన్‌బాషిలో ఉంది, నంబా నుంచి నడిచిపోవచ్చు. అకిహబారాలాగే కరెంటు సామాన్ల బజారుగా పుట్టి ఇటు మళ్లింది. మెయిన్ రోడ్డుకి పక్క వీధిని ఒతా రోడ్ అంటారు, ఫిగర్ల షాపులు అక్కడే ఎక్కువ. పాత సరుకు కోసమైతే జంగిల్ అనే షాపు చూడండి, తర్వాత అమెరికామురాలో మందరాకే గ్రాండ్ కయోస్‌కి వెళ్లండి. నకనో అంత లోతు లేదు, అకిహబారా అంత రద్దీ లేదు. మీ ప్రయాణం క్యోటో, నారా, ఒసాకా వరకే అయితే బాధపడాల్సిన పనేం లేదు, ఓ పూటకి సరిపడా సంతోషం ఉంది. టోక్యో, ఒసాకా రెండూ వెళ్తున్నవాళ్లు పాత బొమ్మల డబ్బు నకనో కోసం దాచుకుని, ఒసాకాలో గేమ్‌లు కొనుక్కోండి.

రోజు ఎలా గడపాలి

టోక్యోలో దీనికి ఒక్క రోజే ఉంటే: పొద్దున పదకొండింటికి అకిహబారా, అప్పుడే షాపులు తెరుస్తుంటారు. కొత్త సరుకు, ఆటలు చూసుకుని ఒంటిగంటన్నరకి బయటపడండి. పసుపు గీత సోబు లైన్ రైలు అక్కణ్నుంచి నకనోకి నేరుగా వస్తుంది, ఇరవై నిమిషాల దారి. బ్రాడ్‌వేలో షాపులు పన్నెండు గంటలకి గానీ తెరవరు కాబట్టి పొద్దున్నే అక్కడికెళ్లి లాభం లేదు. రెండింటి నుంచి ఎనిమిది దాకా ఆరు గంటలు నకనోకి ఉంచుకోండి. బుధవారం కొన్ని చిన్న కొట్లు మూసి ఉంటాయి, శని ఆదివారాలు ఇరుకు. మంగళ, గురువారాలు మేలు. సగం రోజే ఉంటే అకిహబారా వదిలేయండి. ఫిగర్లు ఈ రోజు కాకపోతే ఇంటర్నెట్‌లో దొరుకుతాయి, హెన్యా గదిలో నిలబడటం దొరకదు.

చాలా షాపుల్లో ఫొటోలు తీయనివ్వరు, అడిగి తీయండి. 5వ అంతస్తు నుంచి జనం కాపురముండే ఇళ్లు, పైకి వెళ్లకండి. చిన్న కొట్లలో కార్డు తీసుకోకపోవచ్చు, పదిహేను ఇరవై వేల యెన్‌లు నోట్లుగా దగ్గర ఉంచుకోండి. పాస్‌పోర్ట్ కూడా వెంట ఉండాలి, జిరాక్స్ పనికిరాదు. ట్యాక్స్-ఫ్రీ బోర్డున్న షాపులో ఒకే రోజు పన్ను కాకుండా 5,000 యెన్‌లు, అంతకు మించి కొంటే 10 శాతం పన్ను మినహాయిస్తారు. 2026 నవంబర్ 1 నుంచి మాత్రం పన్ను ముందు కట్టి, వెళ్లిపోయేటప్పుడు కస్టమ్స్ దగ్గర చూపించాక వెనక్కి తీసుకునే పద్ధతి వస్తోంది. ఆ తర్వాత వెళ్లేవాళ్లు సరుకు చూపించడానికి వీలుగా పెట్టెలు సర్దుకోవాలి, విమానాశ్రయానికి ఓ గంట ముందే చేరాలి. బిల్లులన్నీ దాచండి, మన దగ్గర దిగాక కస్టమ్స్‌లో అడిగితే పనికొస్తాయి. తుపాకీలా కనిపించే బొమ్మ ఏదైనా హ్యాండ్ బ్యాగ్‌లో పెట్టొద్దు, చెక్-ఇన్ లగేజీలోనే వేయాలి.

ఇంటికి తెచ్చాక సోఫుబి బొమ్మని గట్టి ప్లాస్టిక్ బొమ్మలకి ఆనించి పెట్టకండి. వినైల్‌లోని నూనె పదార్థం బయటికొచ్చి పక్కదాన్ని జిగటగా కరిగిస్తుంది, మధ్యలో మామూలు పాలిథిన్ కవరు ఉంటే చాలు. వేసవిలో కారులో వదిలితే కాళ్లు మెత్తబడి వంగిపోతాయి. రేకు బొమ్మలకి మాత్రం గాలిలో తేమే శత్రువు. విశాఖ, కాకినాడ లాంటి సముద్రం పక్క ఊళ్లలో ఉండేవాళ్లు బీరువాలో సిలికా జెల్ పొట్లాలు వేసి, వానాకాలంలో రెండు మూడు వారాలకోసారి మార్చాలి.